ఎన్ని బస్తాలకు తాటిపత్రి

మా ఆయన పోయాక ఆయన వస్తువులన్నీ నా చేతులతో నేనే పంచిపెట్టాను. సైకిలు మరిదికి ఇచ్చాను. పారా గొడ్డలీ మా పొలం కౌలుకు తీసుకున్నవాళ్లకు ఇచ్చాను. బాగున్న చొక్కాలు అడిగినవాళ్లకు పోయాయి, చిరిగినవి మసిగుడ్డలయ్యాయి. వాడని వస్తువును ఇంట్లో పెట్టుకోవడమంటే ఎలుకలను పిలిచి పీట వేయడమేనని నా లెక్క. వానొస్తే పంట మీద కప్పే తాటిపత్రిని ఒక్కదాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. బోధన్ దగ్గరి మా ఊరు విడిచి నిజామాబాద్‌లో కొడుకు ఇంటికి వచ్చినప్పుడు, ఆటోలో నా బట్టల మూట కంటే అదే ఎక్కువ జాగా పట్టింది.

కోడలు దాన్ని చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"గిది ఏడ పెడుదమత్తా? మనం పండుకునేటందుకే జాగ లేదు."

"సజ్జ మీద పెట్టు."

"దేనికక్కరకొస్తది?"

"వానొస్తే."

"మనది స్లాబు ఇల్లు గదత్తా!"

"పెట్టుమన్నప్పుడు పెట్టాలె," అన్నాను. పెట్టింది. పీటెక్కి దాన్ని పైకి తోస్తూ ఏదో గొణిగింది కానీ నేను వినలేదు. కోడలు గొణిగేదంతా వింటే ఏ అత్తా బతకలేదు.

అది ఇప్పుడు దొరికే నీలం ప్లాస్టిక్ తాటిపత్రి కాదు. దుప్పటిలాగా మందంగా ఉండే గుడ్డ, మీద మైనం పూత. మా దిక్కు చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బస్తాలు ఎక్కించిన లారీల మీద అలాంటివే కప్పేవాళ్లు. ఫ్యాక్టరీ బందయ్యాక ఒక లారీ ఆయన తన సామానంతా అమ్ముకుంటుంటే మా ఆయన దీన్ని కొన్నాడు. సైకిలు క్యారియర్ మీద కట్టుకున్నాడు కానీ, ఎక్కి తొక్కే వీలు లేక బోధన్ నుంచి ఊరిదాకా నడిపించుకుంటూ వచ్చాడు. గింత పెద్దది మనకెందుకని నేను వాకిట్లోనే అందుకున్నాను. "పసుపు మీదికి," అన్నాడు. మొదటి ఏడు వాన తగిలినప్పుడల్లా అది చక్కెర వాసన వేసేది, చీమలు పట్టేవి. తర్వాత తర్వాత పసుపు వాసన వేసింది.

మనవరాలు పదో తరగతి. వాళ్ల బడిలో ఆడపిల్లలు సాఫ్ట్‌బాల్ ఆడతారు. పేరుకే అది మెత్తని బంతి. ఒకసారి చేతిలోకి తీసుకుని చూశాను, రాయికి తోలు కుట్టినట్టుంది. మా పిల్ల ఆ బంతి విసిరే మనిషి. ఎదురుగా కట్టె పట్టుకుని నిలబడ్డ పిల్లకు అందకుండా విసరాలి. చెయ్యిని కింది నుంచి పైకి, పై నుంచి కిందికి ఒక చుట్టు తిప్పి, తొడ పక్క నుంచి వదులుతుంది. అది మొదటిసారి చూసినప్పుడు నాకు వడిసెల గుర్తుకొచ్చింది. నేను మూడో తరగతి దాకా బడికి పోయాను. ఆ తర్వాత మా పుట్టిల్లు వేల్పూర్ దిక్కు జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల మీదికి వడిసెల తిప్పాను. పలక వదిలిన చెయ్యి ఊరికే లేదన్నమాట.

ఈ శ్రావణంలో పెద్దసార్లు వచ్చి, ఆడించి చూసి, జిల్లా జట్టుకు పిల్లలను ఏరుకుంటామని చెప్పారు. ఆట మా పిల్ల బడి గ్రౌండులోనే. ఆ రోజు గ్రౌండు తడిసి ఉంటే మాత్రం వేరే ఊరికి మారుస్తారట. మా కొడుకు ముందే తెగేసి చెప్పాడు. "ఈడ ఆడితే ఆడు, ఏరుకుంటే ఆ ముచ్చట అప్పుడు చూద్దం. పదో తరగతిల ఊర్లు తిరుగుతనంటే నేను తోలియ్య." వాడిదీ తప్పనలేను. పిల్ల వాన కురుస్తుంటే కిటికీ దగ్గర నిలబడి గ్రౌండు దిక్కు చూసేది. అక్కడి నుంచి గ్రౌండు కనబడదు, పక్కింటి గోడే కనబడుతుంది. అయినా చూసేది.

ఆటల సారు తల్లిదండ్రులను పిలిచాడు. కుర్రవాడే, మర్యాద తెలిసినవాడు. గ్రౌండు అంచున అందరినీ నిలబెట్టి, వాన కవరు కొనాలి, తలా కొంత వేసుకుందామన్నాడు. అందరూ ఒప్పుకున్నారు. ఎంతది కొనాలన్నదాని మీదే మాటలు పెరిగాయి.

"కొంటే మొత్తం గ్రౌండు కప్పేటిదే కొనాలె సార్," అన్నాడు ఒక పిల్ల తండ్రి.

"అట్లాంటిది నేను హైదరాబాద్‌ల చూసిన అన్నా," అన్నాడు సారు. "గుంజేటందుకే ఇరవై మంది మొగోళ్లు కావాలె. మన పిల్లలు ఎంతమంది? తడిసినంక దాని బరువు ఇంక డబులైతది. వీళ్లు గుంజేలోపట వాన దాని పని అది చేసుకొని పోతది."

"మరి చిన్నదైతే ఏం కప్పుతది?"

అప్పుడు సారు కాలితో చూపించాడు. బంతి విసిరే పిల్ల నిలబడే గుండ్రం ఒకటి, కట్టె పట్టే పిల్ల నిలబడే చోటు ఒకటి. ఈ రెండూ పొడిగా ఉంటే మిగతా చోట్ల ఊక చల్లి ఆడించొచ్చు. గుండ్రం అడ్డంగా పదహారు అడుగులు. దాని మీద పరిచేది చుట్టూ ఇంకో రెండేసి మూరలు ఎక్కువ ఉండాలి, లేకపోతే పక్క నీళ్లు కిందికి పారుతాయి. విసిరేటప్పుడు పిల్ల వెనక కాలును నేల మీద ఈడుస్తుంది. అక్కడ బురదుంటే కాలు జారుతుంది, బంతి ఎటో పోతుంది. సారు మాట్లాడుతుంటే మా పిల్ల ఆ గుండ్రం అంచు బయటే నిలబడి ఉంది, ఏదో కడిగిన ఇంట్లోకి చెప్పులతో పోగూడదన్నట్టు.

ఎవరు కొనుక్కొస్తారంటే మా కొడుకు నన్ను ముందుకు తోశాడు. "మా అమ్మను తోలుదం సార్. పసుపు పండిచ్చిన మనిషి, తాటిపత్రుల ముచ్చట ఆమెకెరుక. బేరం గూడ గట్టిగ చేస్తది." నలుగురిలో కొడుకు అలా అంటే ఏ తల్లికి చేదు? సారు ఒక కాగితం మీద కొలత రాసి పిల్ల చేతికిచ్చాడు. నేను అటు చూడనైనా చూడలేదు.

పంటలు అమ్మే గంజ్ దగ్గర తాటిపత్రుల దుకాణాలు వరసగా ఉంటాయి. మేము పోయేసరికి సేటు ధర్మాబాద్ దిక్కు నుంచి వచ్చిన వాళ్లతో మరాఠీలో మాట్లాడుతున్నాడు. వాళ్లను పంపించి నా వైపు తిరిగాడు.

"దా అవ్వా, కూసో. ఎన్ని బస్తాలకు?"

మా దిక్కు తాటిపత్రి దుకాణంలో మొదటి మాట ఇదే. ఏ రైతూ అడుగులు చెప్పడు. వడ్లవో మక్కలవో పసుపువో, ఎన్ని బస్తాల మీద కప్పాలో చెబితే దుకాణం ఆయనే తీసిస్తాడు. నేను కళ్లు మూసుకున్నాను. గుండ్రాన్ని తలచుకున్నాను. అందులో ఉడకబెట్టిన పసుపు ఆరబోశాను. నాలుగు వేళ్ల మందం పరిచి, చేత్తో సమంగా సర్ది చూసుకున్నాను. పది బస్తాల పసుపు పట్టింది.

"పది బస్తాలకు," అన్నాను.

"అవ్వా, సార్ అడుగులల్ల చెప్పిండే. కాగితం గూడ ఇచ్చిండు," అంది పిల్ల.

"నువ్వు ఊకో. నీ అయ్య పుట్టకముందుకెళ్లి కొంటున్న నేను తాటిపత్రులు."

సేటు నవ్వాడు. "పోరేమో సదువుకున్నది, అవ్వేమో పండిచ్చింది. నేను ఎవ్వల మాట వినాలె?"

"పైసలు ఎవ్వల కొంగుల ఉన్నయో వాళ్ల మాట."

"గట్ల చెప్పు!" అని పై అర నుంచి ఒక మడత లాగి ముందర పడేశాడు. బయట జల్లు పడుతోంది, విప్పి చూసే జాగా లేదు. బేరం మాత్రం బాగా చేశాను. ఆయన రెండుసార్లు దండం పెట్టాడు, ఒకసారి మడత మళ్లీ అరలో పెట్టేశాడు, నేను మెట్లు దిగి కొంతదూరం నడిచాక పిలిచాడు. ఆటోలో ఆ మడత ఒడిలో పెట్టుకుని కూర్చుంటే పందెం గెలిచినట్టుంది నాకు.

నేరుగా గ్రౌండుకు పోయాం. పిల్లలు ఉరుకుతూ వచ్చి నాలుగు మూలలు పట్టుకుని గుండ్రం మీద పరిచారు. గంగాళం మీద చెంబు మూత పెట్టినట్టుంది. చుట్టూ రెండేసి మూరల నేల బయటే ఉండి, మా కళ్ల ముందే వానకు నల్లబడుతోంది.

"అవ్వా, ఇది కర్చీఫా?" అంది ఒక పొట్టి పిల్ల. మిగతావాళ్లు పళ్లికిలించి, నన్ను చూసి నోర్లు మూసుకున్నారు. మా పిల్ల నవ్వలేదు.

తప్పెక్కడ జరిగిందో నాకు అప్పటికప్పుడే తెలిసిపోయింది. పసుపు ఆరబోసిన చోట ఆరబోసినట్టు ఎవరూ కప్పరు. మబ్బు కనబడగానే ముందు దాన్ని కుప్ప చేస్తాం. వాకిలంతా పరుచుకున్న పది బస్తాలు కుప్పయితే ఒక మూలకు ఒదుగుతాయి. తాటిపత్రి ఆ కుప్పకు. సేటు నేను అడిగినదే ఇచ్చాడు. నేను అడిగింది మా కల్లం కోసం. నేలను కుప్ప చేయలేం కదా.

ఆ దుకాణంలో కళ్లు మూసుకున్నప్పుడు నాకు గుండ్రం కనబడలేదు, అసలు సంగతి అది. నాకు మా కల్లమే కనబడింది. మాఘం వెళ్లి ఫాల్గుణం, పసుపు ఎండకు గలగలమనే కాలం. పడమట మబ్బు లేస్తే మా ఆయన ఏ పని మీద ఉన్నా వదిలి, పలకకు కర్ర బిగించిన గుంజుడుబల్ల తీసుకుని దిగేవాడు. ఆయన గుంజుతుంటే నేను చీపురుతో అంచులు ఊడ్చేదాన్ని. చినుకు పడుతుంటే ఆయన గొంతు పెరిగేది. "ఊడుస్తున్నవా ముగ్గేస్తున్నవానే?" అనేవాడు. "నువ్వు గుంజుతున్నవా జోకొడుతున్నవా?" అనేదాన్ని. కుప్పను ఆయన చేతులతోనే సర్దేవాడు. అది కాగానే ఇద్దరం చెరో దిక్కు తాటిపత్రి పట్టుకుని, గాలిలోకి ఒక్కసారి ఎగరేసి దించేవాళ్లం. గాలి ఎటు నుంచి కొడితే ఆ దిక్కు ఎప్పుడూ ఆయనదే. నేను ఆ దిక్కు పోతే కసిరేవాడు. అంచుల మీద రాళ్లు పెట్టి, వాన పెద్దదయ్యేసరికి కుప్పకు ఆనుకుని, ఆ తాటిపత్రి కొసనే తల మీదికి లాక్కుని కూర్చునేవాళ్లం. ఏమీ మాట్లాడుకునేవాళ్లం కాదు. ఆయన అరచేతులు మణికట్టు దాకా పచ్చగా ఉండేవి.

అలాంటప్పుడు ఏమైనా మాట్లాడుకుని ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు పసుపు తడవలేదు, అంతే చాలనుకున్నాం.

సేటు వాపసు తీసుకోనన్నాడు. నీళ్లు తగిలిన మాలు మళ్లీ అరలో పెట్టనన్నాడు. నేనైనా అదే అంటాను. ఆట ఎల్లుండి. అందరి దగ్గర వసూలు చేసిన డబ్బు అయిపోయింది. సారు నన్ను ఒక్క మాట అనలేదు. "దీన్ని కట్టె పట్టే చోట పరుద్దమమ్మా, ఆడికి సరిపోతది," అన్నాడు. గుండ్రం సంగతి ఎత్తలేదు. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో పిల్ల కూడా ఎత్తలేదు. బయటికి చూస్తూ కూర్చుంది. కాగితం ఇంకా దాని చేతిలోనే ఉంది, తడిసి ముద్దయింది. 'చెప్పిన గదా' అని ఒక్క మాట అని ఉంటే నేను రెండు తిట్టి తేలికపడేదాన్ని.

ఇంటికి రాగానే సజ్జ కింద నిలబడి పైకి చూశాను. చెంగుతో ముఖం తుడుచుకున్నాను. "ఆ మూట దించు," అన్నాను పిల్లతో.

"తాత తాటిపత్రా?"

"ఇంకోటున్నదా ఇంట్ల?"

వరండాలో సగం, గదిలో సగం పరిచి మోచేతితో కొలిచాను. ఈసారి పిల్ల ఆ ముద్దయిన కాగితాన్ని విప్పి, నా మూరలను అడుగులు చేసి చెప్పింది, నేను విన్నాను. పొడుగు కావలసినదాని కంటే ఎక్కువుంది. వెడల్పు చాలదు. పొడుగులో మిగిలింది కోసి వెడల్పుకు అతికితే సారు చెప్పినంత వస్తుంది. కొయ్యకుండా మాత్రం రాదు. ఎటు తిప్పి వేసినా రాదు. నేను నాలుగు దిక్కులా తిప్పి చూశాను.

"వద్దులే అవ్వా," అంది పిల్ల. "కొయ్యకు. తాతది."

"తాతదైతే?"

"నువ్వు ఎవ్వలికియ్యలే గద దీన్ని."

అది గమనించిందని నాకు తెలియదు. నేను మడత పెట్టడం మొదలుపెట్టాను. మందపు గుడ్డ, ఒక్క మనిషికి లొంగదు. పిల్ల అటు కొస పట్టుకుంది. మడతకు ఒకసారి ఇద్దరం దగ్గరికొచ్చి, కొసలు కలిపి, మళ్లీ దూరం జరిగాం.

మర్నాడు పొద్దున బోధన్ రోడ్డులో లారీలు ఆగే చోటికి తీసుకుపోయాం. అక్కడ రేకుల కింద ఒక ముసలాయన లారీ పరదాలు కుడతాడు. మడత విప్పి వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"అరే, ఏం మాల్ పెద్దమ్మా! ఇయ్యాల్రేపు గిసొంటిది దొర్కుతదా? నాకమ్ము, దీనికి రెండు ప్లాస్టిక్‌వి ఇస్త."

"అమ్మేదుంటే నీ దాక ఎందుకొస్త? కొయ్యి, కుట్టు."

ఆయన కత్తెర తీసుకున్నాడు. ఆ కత్తెర గొర్రెల బొచ్చు తీసేదంత ఉంది. "ఏ దిక్కుకెళ్లి కొయ్యాలె?"

రెండు కొసలనూ చూశాను. పిల్లకు చూపించాల్సిన పని లేదు, దానికి తెలియదు. ఒక కొస అంచు మీద రెండు చోట్ల గుడ్డ పచ్చబారి ఉంటుంది, మూరెడు ఎడంగా. ఎన్ని వానలు తగిలినా ఆ పచ్చదనం పోలేదు. రెండో కొస మామూలుగా ఉంటుంది. చీపురు పట్టిన చేతులకు అంత పసుపు అంటదు.

"ఇటు కొయ్యి," అన్నాను మామూలు కొస చూపించి. "ఇది నా దిక్కు."

"గుడ్డకు నీ దిక్కేంది పెద్దమ్మా?"

"నువ్వు కొయ్యవయ్యా."

కత్తెర గుడ్డలో నడుస్తుంటే ఎండు చెరకాకు మీద నడిచినట్టు చప్పుడైంది. నేను రోడ్డు మీద పోయే లారీలను చూస్తూ నిలబడ్డాను. ముసలాయన అతుకు మీద అతుకు వేసి, దారానికి మైనం పట్టించి, మధ్యాహ్నం దాకా కుట్టాడు. మధ్యలో పిల్లతో ఆట గురించి అడిగాడు. చెయ్యి తిప్పి చూపించమన్నాడు. అది లారీల మధ్య నిలబడి ఉత్త చెయ్యి తిప్పి చూపించింది. "షాబాష్, డ్రైవర్లు జరుగుండ్రి, దెబ్బ తాకుతది!" అని అరిచాడు. నేను ఆ రెండు రోజుల్లో మొదటిసారి దాని పళ్లు చూశాను.

ఆ పొద్దంతా ఎండ కాసి నేల ఆరింది. సాయంత్రం దాన్ని గుండ్రం మీద పరిచారు. చుట్టూ రెండేసి మూరలు మీదికి వచ్చింది. సారు చుట్టూ తిరిగి, వంగి అంచులు చూసి, చిన్న కాలువ తవ్వించాడు. పచ్చ మరకలున్న అంచు పడమట, గాలి కొట్టే దిక్కున పడింది. నేను వేయించలేదు, పిల్లలు అలా పరిచారు. రాత్రంతా వాన కొట్టింది.

పొద్దున పెద్దసార్లు వచ్చారు. గొడుగులు మూసి, బూట్లు బురదలో పెట్టకుండా నడుస్తూ గ్రౌండు చుట్టూ చూశారు. వాళ్ల ముఖాలు చూస్తే వద్దనేలాగే ఉన్నారు. సారు ఊక బస్తాలు విప్పించి పిల్లలు పరుగెత్తే దారుల్లో చల్లించాడు. తర్వాత పిల్లలంతా కలిసి తాటిపత్రి ఎత్తారు. కింద నేల ఎండాకాలంలో ఊడ్చిన వాకిలిలా తెల్లగా ఉంది. ఒక పెద్దసారు వంగి చేత్తో తట్టాడు. వేలికి అంటిన దుమ్ము ఊదేసుకున్నాడు. "ఆడించండి," అన్నాడు.

నేను తీగకంచె బయట నిలబడ్డాను. మా పిల్ల గుండ్రంలోకి నడిచింది. కాలుతో నేలను ఒకసారి గీకి చూసింది. చెయ్యి తిప్పింది. వెనక కాలు నేల మీద గీత గీసుకుంటూ వచ్చింది, జారలేదు. బంతి ఎప్పుడు వదిలిందో నాకు కనబడలేదు. కట్టె పట్టిన పిల్ల ఊపింది, చప్పుడు కాలేదు. అందరూ అరిచారు. ఎందుకరిచారో నాకు అర్థం కాలేదు. "ఏమైంది?" అని పక్కకు తిరిగి అడిగాను.

పక్కన ఎవరో పిల్ల తల్లి ఉంది. "తప్పిందవ్వా, కొట్టలేకపోయింది," అని చెప్పి మళ్లీ అటు తిరిగింది.

ఆ మాట అక్కడికి అయిపోయింది. అదే మా ఆయన ఉంటే అంతటితో వదిలేవాడు కాదు. ఆయనకు ఆ ఆట గురించి నాకు తెలిసినంత కూడా తెలిసేది కాదు. అయినా చెప్పేవాడు. బంతి ఎందుకు అలా పోయిందో, ఆ పిల్ల కట్టె ఎలా పట్టి ఉండాల్సిందో, పెద్దసార్లు ఏమనుకుంటున్నారో, అన్నీ తాను పుట్టించినవే, గట్టిగా చెప్పేవాడు. "నీకేమెరుక?" అని నేను కసిరేదాన్ని. కసురుతూ అంతా వినేదాన్ని. కంచె తీగ పట్టుకుని ఆ పొద్దంతా నేను చూశాను, ఒక్కో బంతికీ ఏదో ఒకటి అడగాలనిపించింది. ఆ తల్లిని ఇంకోసారి అడగలేదు.

మధ్యాహ్నం దాటాక సారు పేర్లు చదివాడు. మా పిల్ల పేరు ఉంది. అది ఉరుకుతూ కంచె దాకా వచ్చి, తీగల్లోంచి నా వేళ్లు పట్టుకుని గట్టిగా ఊపింది. "ఇన్న తియ్యి, ఇన్న తియ్యి, నాకేం చెవుడు లేదు," అన్నాను. తాటిపత్రి బడిలోనే ఉంచుదామా అని సారు అడిగాడు. ఉంచుకోమన్నాను. ఎండలో ఆరాకనే మడత పెట్టాలని, తడిమీద పెడితే నల్లబూజు పడుతుందని చెప్పాను. పిల్లలకు ఎలా పట్టుకోవాలో చెప్పబోయి ఊరుకున్నాను. వాళ్లు బాగానే పట్టుకుంటున్నారు.

నేను ముందు ఇంటికి వచ్చాను. కోడలు గడపలో చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుడుతోంది. "ఏమైందత్తా?" అని చేతులు ఆపింది.

నాకు మొదటి నుంచీ చెప్పాలనిపించింది. సేటు బేరం, కర్చీఫు, ముసలాయన కత్తెర, ఆ తెల్లటి నేల, ఆ గీత. మబ్బు పట్టిన సాయంత్రం కుప్పకు ఆనుకుని కూర్చుని, తొందర లేకుండా చెప్పుకునే సంగతి అది. అడ్డం వస్తూ, తప్పులు పడుతూ, మధ్యలో నాకంటే ఎక్కువ తనే చెబుతూ వినే మనిషికి చెప్పాల్సింది. కోడలు ఆకు చేతిలో పట్టుకుని చూస్తోంది.

"ఏరుకున్నరు," అన్నాను. "గింత ఎక్కువ బియ్యం పొయ్యి. పొల్ల ఆకలితోని వస్తది."